కీష్ అంటే

నిఘంటువు రెండర్థాలే ఇస్తుంది.
ఒకటి: గుడ్లూ మీగడా గిలక్కొట్టి, పిండి గిన్నెలో పోసి
పొయ్యిలో కాల్చిన ఉప్పటి వంటకం.
రెండు, వాడుకలో: చేతకానివాడు, చేతకానిది.
రెంటి నడుమా ఓ చుక్క పెట్టి ఊరుకుంటుంది.

ఆ చుక్క మీద కూర్చుని
ఈ సాయంత్రం సొలీన్ ఏడుస్తోంది,
సార్గ్మీన్ ఊళ్ళో, అమ్మమ్మ వంటింటి ఎత్తుపీట మీద.
మోకాళ్ళకి ఇంకా హ్యాండ్‌బాల్ కోర్టు దుమ్ము.
కాళ్ళ సందులోంచి బంతి పోయింది.
అంత నెమ్మదిగా దొర్లిన బంతి
దారి అడిగి మరీ వెళ్ళినట్టు వెళ్ళింది.
"ఏం కీష్‌వే నువ్వు!" అన్నాడు గెటాన్.
తర్వాత బస్సంతా అంది.

తిండి పేరు తిట్టెలా అవుతుందో
ముద్దపప్పు అనిపించుకున్నవాళ్ళకి
నేను చెప్పక్కర్లేదు.
మెత్తగా ఉండటమే నేరం.
పోసిన గిన్నెలో ఒదిగి కూర్చోవటమే నేరం.

ఎర్నెస్టీన్‌కి ఎనభై ఆరు. ఓదార్చటం రాదు.
"గుడ్లు కొట్టు," అంది. "నాలుగు. పెంకులు పడకుండా."
గుడ్డూ మీగడా కలిసిన ఆ పచ్చని చిక్కదనాన్ని
వాళ్ళ వైపు మిగెన్ అంటారు.
మన మీగడకి చుట్టమేం కాదు,
చెవికి మాత్రం మేనత్త కూతురు.
పొగబెట్టిన పందిమాంసం ముక్కలు చల్లింది. జున్ను వెయ్యదు.
జున్ను వేసేది పారిస్ వాళ్ళు, అంటుంది
పారిస్ ఎన్నడూ చూడని మనిషి.

"నన్నూ అవమానించారులే ఈ మాటకే," అంది, గిలక్కొడుతూనే.
"కాకపోతే తలకిందులుగా."

నలభై అయిదు. యుద్ధం ముగిసిన ఏడు.
అంతకు ముందటేడు బడిలో జర్మనే మాట్లాడాలి,
ఫ్రెంచి నోట వస్తే దెబ్బ.
ఈ ఏడు ఫ్రెంచే మాట్లాడాలి,
ఇంటి భాష నోట వస్తే దెబ్బ.
గోడ మీద పటం మారింది. బెత్తం అదే.
ఆదివారం మీ అమ్మ ఏం వండిందని
కొత్త పంతులమ్మ అడిగితే
"కూఖె," అంది ఏడేళ్ళ ఎర్నెస్టీన్,
గొంతు అడుగున గీరుకుంటూ వచ్చే మాట, అమ్మది.
స్కేలు వేళ్ళ మీద పడింది.
"కీష్ అనాలి."
ఆ కూఖె అరిగి అరిగే కీష్ అయిందని
పంతులమ్మకి తెలుసో లేదో.
నది అవతల అది పుంలింగం.
ఇవతలికొచ్చి స్త్రీలింగమైంది,
గొంతు ఖాళీ చేసి నాలుక చివర కాపురం పెట్టింది.
కాగితాలేవని ఎవరూ ఆపలేదు దాన్ని.
మనుషుల్ని ఆపారు.

"మరి నువ్వేమన్నావు?"
సొలీన్ ఏడుపు సగంలో ఉంది.
"ఏమంటాను? కీష్ అన్నాను.
ఇన్నేళ్ళూ అదే అంటున్నాను."

పొయ్యి గంట కొట్టింది.
పాత గుడ్డ, పాత మణికట్టు, వేడి రేకు మూకుడు.
ఎక్కడ జారిందో ఏమో
సగం మూకుట్లోనే, సగం నేల పలకల మీద.

"ఏం కీష్‌వి నువ్వు!"
సొలీన్ నోట్లోంచే. ఆపుకునేలోపే.

కాసేపు గోడ గడియారం ఒక్కటే మాట్లాడింది.
తర్వాత ఎర్నెస్టీన్ నవ్వింది.
బల్ల అంచు పట్టుకుని, కట్టుడు పళ్ళు ఊడొచ్చేంత నవ్వు,
కిందపడ్డ దాన్ని చూపిస్తూ
"అదీ అదే, నేనూ అదే" అని.

నేల మీది సగం పిల్లి లెక్కలోకి పోయింది.
మిగతాది నిలబడే తిన్నారు, మూకుట్లోంచే, ఒకే ఫోర్కుతో.
పెంకు ముక్క ఒకటి సొలీన్ పంటికింద కసుక్కుమంది.
చెప్పలేదు.

"ఆ పాతది ఇంకోసారి అను."
"కూఖె."
"కూకె."
"కాదు. లోపల్నించి. చేపముల్లు దిగబడ్డట్టు."
"కూఖ్..." దగ్గొచ్చింది. మళ్ళీ అంది.

శనివారం ఇంకో ఆట ఉంది.
బంతి వస్తుంది.
పట్టుకుంటుందో లేదో నాకు తెలీదు.